అడవిలో పగడం... పేరేమిటి?

పగడం కావాలంటే సముద్రంలో మునగాలి. లేదంటే నగల దుకాణానికి వెళ్లాలి. ఆ రెండూ అక్కర్లేకుండా వానాకాలంలో చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుంటే కనిపించే పగడం ఒకటుంది. అచ్చం సముద్రపు పగడంలా కొమ్మలు కొమ్మలుగా నేలలోంచి పైకి లేస్తుంది. కొద్దిరోజుల్లోనే కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. అదో శిలీంధ్రం. చూడటం తేలికే. 'ఇది లోకంలో ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి' అని తేల్చడమే కష్టం!

ముదిగొండలో అడవి లేదు

ఖమ్మం జిల్లా ముదిగొండకు వెళ్లి అడవి ఎక్కడని అడిగితే ఊరికి ఎడంగా ఎటో చెయ్యి చూపిస్తారు. అక్కడ కనిపించేవి పొలాలే. వరి, పత్తి, మిర్చి. ఒకప్పుడు ముదిగొండ చాళుక్యులనే రాజవంశానికి పేరిచ్చిన ఊరిది. పక్క మండలం నేలకొండపల్లి. భక్త రామదాసుగా అందరికీ తెలిసిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు అదే. 17వ శతాబ్దంలో ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వెళ్లి భద్రాచలంలో గుడి కట్టించిన కథ మనకు కొత్తేమీ కాదు. పొలాల సీమలో పుట్టినవాడు అడవి సీమలో గుడి కట్టాడన్నమాట. శిలీంధ్రాల కోసం బయల్దేరేవాళ్లదీ దాదాపు అదే దారి.

ఇప్పుడైతే ఖమ్మంలో బస్సెక్కితే చాలు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక... గోదావరి వంతెన దాటితే భద్రాచలం. మొత్తం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వైరా దాకా కిటికీలోంచి కనిపించేవి చెరువులూ పొలాలూ. పోనుపోనూ పొలాల మధ్య చెట్లు కాకుండా చెట్ల మధ్య పొలాలు కనిపిస్తాయి. కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు, పాల్వంచలో థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఆ పక్కనే కిన్నెరసాని అభయారణ్యం. సారపాకలో కాగితం మిల్లు. దానికి కలప ఇచ్చే జామాయిల్ తోటలు అక్కడక్కడా వరుసలు దిద్దినట్టుంటాయి. మిగతా చోట్ల టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు. వేసవిలో ఆకు రాల్చేసి ఎండుకట్టెల్లా నిలబడే అడవి ఇది. నాలుగు వానలు పడ్డాయంటే గుర్తుపట్టలేం.

జులై, ఆగస్టు నెలల్లో భద్రాచలంవాసుల చూపంతా గోదావరి మీదే ఉంటుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులకు చేరిన వరదను పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. ఊరంతా నదిని చూస్తున్న ఆ వారాల్లోనే అడవిలో చీమ కూడా చప్పుడు చెయ్యనంత నిశ్శబ్దంగా మరో పని జరుగుతుంటుంది. ఏడాది పొడవునా నేలలోనూ కుళ్లిన దుంగల్లోనూ దారాల్లా పాకుతూ ఉన్న శిలీంధ్రాలు ఒక్కసారిగా బయటికొస్తాయి. మనం చూసే గొడుగైనా పగడమైనా ఆ దారాల గుంపు కాసిన కాయ లాంటిది. అసలు ప్రాణి మట్టిలోనే ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. దారులు బురదై, వాగులు పొంగి, అడవిలోకి అడుగుపెట్టడం కష్టమైన రోజుల్లోనే పగడం కనిపిస్తుంది. దారి ఆరేసరికి అది ఉండదు.

పేరులోనే ఉంది పుట్ట

శిలీంధ్రాల గురించి మనవాళ్లకు ఏమీ తెలియదనుకుంటే పొరపాటే. 'పుట్టగొడుగు' మాటే తీసుకోండి. పుట్ట మీద మొలిచే గొడుగు. పుట్టకూ గొడుగుకూ సంబంధం ఉందని ఆ పేరు పెట్టినవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. చెదలు పుట్టలోపల ఒక శిలీంధ్రాన్ని సాగుచేసి తింటాయి. వానలకు ఆ శిలీంధ్రమే పుట్టలోంచి పైకొచ్చి గొడుగు విప్పుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన రోజర్ హైమ్ 1942లో ఈ ప్రజాతికి 'టెర్మిటోమైసిస్' అని పేరుపెట్టాడు. చెదల శిలీంధ్రం అని అర్థం. అచ్చం మన పుట్టగొడుగే! తినదగినది పుట్టగొడుగు, పనికిరానిది కుక్కగొడుగు అని ఊళ్లలో వేరుచేసి చెప్పడమూ ఉంది.

తినేదానికి పేరుంటుంది. చంపేదానికీ పేరుంటుంది. ఆ రెండూ కాని పగడపు శిలీంధ్రానికి తెలుగులో అందరూ వాడే పేరంటూ లేదు. చూసినవాళ్లు ఆగి, 'భలే ఉందే' అనుకుని, దాటి వెళ్లిపోతారు. ఇలా దాటిపోయినవి ప్రపంచమంతటా ఎన్నో. లండన్‌లోని క్యూ ఉద్యానవనం 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం భూమ్మీద దాదాపు 25 లక్షల శిలీంధ్ర జాతులు ఉండొచ్చు. పేర్లు పెట్టింది సుమారు లక్షా 55 వేలకే. ఏటా కొత్తగా నమోదవుతున్నవి 2,500 దాకా ఉంటాయి. ఆ లెక్కన అన్నిటికీ పేర్లు పెట్టడానికి తొమ్మిది వందల ఏళ్లకు పైగా పడుతుంది!

రూపం ఒకటే... వంశాలు నాలుగు

పగడపు శిలీంధ్రాల్లో తెల్లనివి, పసుపువి, నారింజ రంగువి, గులాబీవి ఉన్నాయి. వంగపండు రంగులో మెరిసేదీ ఉంది. ఆ ఊదా పగడానికి 'క్లవేరియా జోలింజెరీ' అని పేరు. జావా దీవిలో మొక్కలు సేకరించిన స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త జోలింజర్ పేరే దానికి పెట్టారు. లాటిన్‌లో 'క్లవా' అంటే గద. కొమ్మలు లేకుండా చిన్న గదలా నిలబడేవాటిని బట్టి పుట్టిన పేరు క్లవేరియా. కొమ్మలు బాగా చీలిన మరో ప్రజాతి 'రామేరియా'. భద్రాద్రి దారిలో ఆ పేరు వింటే రాముడే గుర్తొస్తాడు గానీ ఆయనకూ దీనికీ సంబంధం లేదు. లాటిన్‌లో 'రామస్' అంటే కొమ్మ.

చాలాకాలం యూరప్ శాస్త్రవేత్తలు కూడా మనలాగే చూపుకి మోసపోయారు. గదలా ఉన్నా కొమ్మల్లా ఉన్నా చాలావాటిని క్లవేరియా అనే ఒకే గంపలో వేసేవారు. తీరా సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆ తర్వాత డీఎన్ఏ చదివి చూస్తే అవన్నీ చుట్టాలు కానే కావు. క్లవేరియా మామూలు గొడుగుల వర్గానికి దగ్గర. రామేరియాది వేరే వర్గం. క్లావ్యులినా ఇంకో వర్గం. దుంగల మీద పెరిగే ఆర్టోమైసిస్ మరో వర్గం. పిట్టకూ గబ్బిలానికీ రెక్కలున్నంత మాత్రాన అవి అన్నదమ్ములు కావు కదా... ఇదీ అంతే. సిద్ధబీజాలను గాలికి వదలాలంటే వీలైనంత ఎక్కువ ఉపరితలం కావాలి. గొడుగు అందుకోసం కిందివైపు రేకులు పరుచుకుంది. వీళ్లు కొమ్మలు వేసుకున్నారు. ఒకరికొకరు తెలియకుండా నలుగురూ ఒకే ఉపాయం కనిపెట్టారన్నమాట!

అందుకే 'చూడగానే చెప్పేస్తా' అనేవాళ్లను ఈ రంగంలో నమ్మరు.

కోతులతో కొమ్మలు కోయించినవాడు

ఈ గంపను విప్పి వేరుచేసినవాడు ఇంగ్లండుకు చెందిన ఇ.జె.హెచ్. కార్నర్. 1929లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో సహాయ సంచాలకుడిగా చేరాడు. మనిషి విచిత్రమైనవాడు. ఎత్తయిన చెట్ల కొమ్మలు, కాయలు అందక, కొబ్బరికాయలు దింపడానికి మలయాలో వాడే కోతులకు తర్ఫీదిచ్చి వాటితోనే నమూనాలు కోయించేవాడు. శిలీంధ్రాల దగ్గరికి వచ్చేసరికి కోతులు అక్కర్లేదు, తనే వంగి చూడాలి. శిలీంధ్రాన్ని నిలువునా అడ్డంగా పల్చగా కోసి లోపలి తంతువులు ఎన్ని రకాలున్నాయో చూసి వర్గాన్ని పట్టుకునే పద్ధతి ఆయన చలవే. క్లవేరియా, దాని పోలికలున్న ప్రజాతులన్నిటి మీదా ఆయన రాసిన బృహద్గ్రంథం 1950లో వెలువడింది. పగడపు శిలీంధ్రాల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ తెరిచే పుస్తకం అది.

అది వచ్చిన కొద్దికాలానికే మన దేశంలో ఒకాయన ఆ పని అందుకున్నాడు. పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన కర్తార్ సింగ్ థిండ్. వానాకాలంలో శిష్యులతో కలిసి ముస్సోరీ కొండలెక్కడం, దొరికినవన్నీ బుట్టలో వేసుకుని దిగడం, మిగతా ఏడాదంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం. శిష్యుడు ఆనంద్‌తో కలిసి 1956 నుంచి ముస్సోరీ పగడాల మీద వరసగా పరిశోధన పత్రాలు రాశాడు. 1961లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆయన పుస్తకం 'ది క్లవేరియేసీ ఆఫ్ ఇండియా' ప్రచురించింది. కొత్త జాతులు అలా బయటపడ్డాయి. ఒక్క అద్భుతమైన ఉదయాన కాదు, ఒకే కొండకు మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల.

మరి ముస్సోరీలో అన్ని దొరికితే భద్రాచలం అడవిలోనూ అన్నే దొరకాలా? అక్కర్లేదు. రామేరియాల్లో చాలావాటికి చెట్ల వేళ్లతో పొత్తు ఉంటుంది. అవి వేరుకు నీళ్లూ లవణాలూ అందిస్తాయి, వేరు వాటికి చక్కెరలు ఇస్తుంది. ఆ పొత్తుకు హిమాలయాల్లో సింధూర వృక్షాలు, దేవదారులు ఉన్నాయి. టేకు, మద్ది లాంటివి పొత్తు పెట్టుకునేది ప్రధానంగా వేరే రకం శిలీంధ్రాలతో. అవి పైకి గొడుగులు వెయ్యవు, పగడాలూ వెయ్యవు. కాబట్టి ఖమ్మం-భద్రాచలం మధ్య వెతికేవాళ్లు చూడాల్సింది బతికున్న చెట్టు మొదలు కన్నా కుళ్లుతున్న దుంగ, నానిన వెదురు పొద, ఏళ్ల తరబడి పేరుకున్న ఆకుల మెత్త. చచ్చినదాన్ని తిని బతికే పగడాలకు అదే ఇల్లు. సరిహద్దు దాటి బస్తర్ వైపు వెళితే గుగ్గిలం అడవులు మొదలవుతాయి. అక్కడ కథ మారిపోతుంది. గుగ్గిలం వేళ్లతో పొత్తున్న 'బోడా' అనే గుండ్రటి శిలీంధ్రం కోసం తొలివానలకు జగదల్‌పూర్ సంతల్లో జనం ఎగబడతారు. ఇక జామాయిల్ తోటల్లోనైతే ఆ చెట్టుకు తోడుండే శిలీంధ్రాలు వేరు. అవీ ఎక్కువగా బంతుల్లాంటివే. చెట్టు మారితే కింద మొలిచేదీ మారుతుంది. అడవి నరికి తోట వేశాక పచ్చదనం మిగిలినట్టే కనిపిస్తుంది కానీ, కుళ్లే దుంగే లేని చోట దుంగ మీది పగడం ఎక్కడ మొలుస్తుంది?

కొత్తదా... కాదా?

ఇంతకీ తేల్చడం ఎలా? కిన్నెరసాని పక్కన ఓ వాగు గట్టున కుళ్లిన దుంగ మీద లేత నారింజ రంగు పగడం కనిపించిందనుకుందాం. ఎత్తు బొటనవేలంత. అభయారణ్యంలోనైనా రిజర్వు అడవిలోనైనా అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ తెంపకూడదు. అనుమతి ఉన్న పరిశోధకులైతే ముందు తెంపరు, ఫొటో తీస్తారు. పక్కన చిన్న స్కేలు పెట్టి, పైనుంచీ పక్కనుంచీ, కొమ్మల కొసలు విడిగా. కొసలు చిన్న కిరీటంలా నాలుగైదు ముళ్లుగా చీలి, అది దుంగ మీదే ఉంటే ఆర్టోమైసిస్ అనే అనుమానం అక్కడే మొదలవుతుంది. దుంగ ఏ చెట్టుదో రాసుకోవాలి. వాసన రాసుకోవాలి. గోటితో నొక్కితే రంగు మారుతుందేమో చూడాలి. ఎందుకంటే ఆ రంగు, ఆ వాసన సాయంత్రానికి ఉండవు. ఎండాక అన్ని పగడాలూ గోధుమరంగు పుల్లలే!

తర్వాత కత్తి మొనతో మొదలుతో సహా పెకలించి కాగితంలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేశారా... గది చేరేలోపు ముద్దయిపోతుంది. రాత్రికి ఒక కొమ్మను గాజుపలక మీద పడుకోబెట్టి పైన గిన్నె బోర్లిస్తే తెల్లారేసరికి సిద్ధబీజాలు పొడిలా రాలి ఉంటాయి. ఆ పొడి తెల్లగా ఉంటే ఒక దారి, పసుపు గోధుమరంగులో ఉంటే రామేరియా దారి. రామేరియాను పట్టడానికి ఇంకో పాత చిట్కా ఉంది. ఇనుప లవణం, అంటే మనం అన్నభేది అంటామే, దాన్ని నీళ్లలో కలిపి ఒక చుక్క కొమ్మ మీద వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. మిగిలిన నమూనాను సన్నని వేడి మీద అప్పడంలా పెళుసెక్కేదాకా ఆరబెడతారు.

అసలు పరీక్ష ఆ తర్వాత. వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపే కటకం కింద ముక్కను పెడతారు. సిద్ధబీజం పొడవు ఏ పదో వంతు మిల్లీమీటరో అనుకునేరు! మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో అయిదో పదో భాగాలు. ఒకటి కొలిస్తే చాలదు, పదుల సంఖ్యలో కొలవాలి. నున్నగా ఉందా, పొక్కులున్నాయా? అయొడిన్ కలిసిన మెల్జర్ ద్రావణంలో నీలి బూడిదరంగుకు తిరిగిందా? తిరిగితే ఆర్టోమైసిస్ వైపు తూకం మొగ్గుతుంది. సిద్ధబీజాలను మోసే కణం మీద మామూలుగా నాలుగు బీజాలుంటాయి. క్లావ్యులినాలో చాలావాటికి రెండే. అవీ ఆవు కొమ్ముల్లా లోపలికి వంగిన కాడల మీద. ఆ కొమ్ములు కనిపించిన క్షణాన చూసేవాళ్ల మొహం వెలిగిపోతుంది. అరగంట నుంచీ కళ్లు చికిలించుకుని చూసేది దానికోసమే మరి.

అటుపైన డీఎన్ఏ. శిలీంధ్రాల గుర్తింపుకు ఐటీఎస్ అనే భాగాన్ని 2012లో ప్రామాణికంగా ఎంచుకున్నారు. ఆ భాగాన్ని చదివి అంతర్జాతీయ భాండాగారాల్లో ఉన్నవాటితో పోలుస్తారు. దేనితోనూ కలవకపోతే కొత్తదే అని గంతులేయడానికి లేదు. వందేళ్ల కిందట ఎవరో జావాలోనో శ్రీలంకలోనో చూసి పేరుపెట్టి ఉండొచ్చు, దాని డీఎన్ఏ ఇంకా ఎవరూ చదివి ఉండకపోవచ్చు. అప్పుడు పాత పత్రాలు తిరగెయ్యాలి, ఎక్కడో పెట్టెలో ఉన్న పాత నమూనాను తెప్పించి పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకే ఎండిన పుల్లలకు అంత విలువ. క్యూలో అలాంటివి పన్నెండున్నర లక్షలున్నాయి. మన దేశంలో ఇ.జె. బట్లర్ 20వ శతాబ్దం మొదట్లో బిహార్‌లోని పూసాలో మొదలుపెట్టిన శిలీంధ్ర భాండాగారం ఉంది. 1934 భూకంపం పూసాను దెబ్బతీశాక, 1936లో వ్యవసాయ పరిశోధన సంస్థతో పాటు ఢిల్లీకి తరలింది. కొత్త జాతిని ఎవరు కనుగొన్నా దాని నమూనాను ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారంలో తప్పనిసరిగా జమచెయ్యాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతోంది.

'ఫోన్‌లో బ్రహ్మాండమైన ఫొటో ఉంది, చాలదా?' అంటే చాలదు. డీఎన్ఏ వరస ఒక్కటి చూపి పేరు పెట్టనివ్వాలన్న ప్రతిపాదన కూడా 2018లో ప్యూర్టోరికోలో జరిగిన ప్రపంచ శిలీంధ్రశాస్త్ర మహాసభలో వీగిపోయింది. చేతికి దొరికే నమూనా ఉండాల్సిందే. కాకపోతే ఫొటో పనికిరాదనీ కాదు. ఏ నెలలో, ఏ వాగు పక్కన, ఏ చెట్టు కింద వెతకాలో వచ్చే ఏడాది పరిశోధకుడికి చెప్పేది అదే.

భీమవరం బిడ్డ పేరున ఒక శిలీంధ్రం

అన్ని పరీక్షలూ దాటితే ఇక నామకరణం. 1935 నుంచి 2011 దాకా కొత్త జాతి వర్ణన లాటిన్‌లో రాయడం తప్పనిసరి. సంస్కృతం రాని పురోహితుడికి మంత్రాల్లా పరిశోధకులు దానితో తిప్పలు పడేవారు. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతోంది. 2013 నుంచి ప్రతి కొత్త శిలీంధ్రం పేరునూ గుర్తింపు పొందిన జాబితాలో నమోదు చేసి అంకె తీసుకోవాలి. పేరు దొరికిన ఊరిది కావచ్చు, రంగుది కావచ్చు, గౌరవించాలనుకున్న మనిషిది కావచ్చు. తన పేరే పెట్టుకునే పద్ధతి మాత్రం లేదు!

అలా ఒక తెలుగువాడి పేరు శిలీంధ్ర లోకంలో శాశ్వతంగా నిలిచింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మందుల పరిశోధనకు నాయకత్వం వహించి 1948లో కన్నుమూశారు. అయిదేళ్ల తర్వాత, 1953లో, హెసెల్టైన్ అనే అమెరికా శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే వడపోతల్లో దొరికిన ఓ శిలీంధ్రం ఇంతకుముందున్న ఏ ప్రజాతిలోనూ ఇమడదని తేల్చాడు. దానికి 'సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్' అని పేరుపెట్టాడు. మురుగులో దొరికినదానికి మహనీయుడి పేరా అని నొచ్చుకోనక్కర్లేదు. శిలీంధ్రాల దగ్గర అలాంటి అంటూ సొంటూ లేవు. 'స్ప్లెండెన్స్' అంటే ప్రకాశించేది.

తినొచ్చా?

ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. పగడపు శిలీంధ్రాల్లో కొన్నింటిని హిమాలయ ప్రాంతాల్లో కూర వండుకుంటారు. అదే రామేరియా ప్రజాతిలోని 'ఫార్మోసా' తింటే మాత్రం కడుపు పట్టేసి వాంతులూ విరేచనాలూ తప్పవు. లాటిన్‌లో ఆ పేరుకు అర్థం 'అందమైనది'! అన్నిటికన్నా భయంకరమైనది అసలు పగడపు శిలీంధ్రాల కుటుంబానిదే కాదు. నిప్పు రంగులో వేళ్లలా లేచే 'ట్రైకోడెర్మా కార్ను-డామే'. పొరపాటున తిని చనిపోయినవాళ్లు జపాన్, కొరియాల్లో ఉన్నారు. తాకినా చర్మం మండుతుందంటారు. 2019లో అది ఆస్ట్రేలియాలో, కెయిర్న్స్ ఊరి శివార్లలో కనిపించినప్పుడు పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. అక్కడ జరిగింది మాత్రం కొత్త జాతిని కనుగొనడం కాదు, పాత జాతి కొత్త చోట కనబడటం. వార్తల్లో ఈ రెండూ తరచూ కలగాపులగం అవుతుంటాయి.

వెండి గరిటె నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, పురుగు తింటే మనమూ తినొచ్చు... ఇవేవీ నిజం కాదు. ఊళ్లో తరాలుగా తింటున్న పుట్టగొడుగును బాగా తెలిసిన పెద్దలు గుర్తుపడితే సరే. పగడాన్ని మాత్రం చూసి వదిలెయ్యడమే. ఫొటోకి ఎలాగూ డబ్బులు అక్కర్లేదు.

దుంగ ఉన్నంతవరకే

2014లో భద్రాచలం డివిజన్ ముక్కలైంది. పోలవరం ముంపులోకి వచ్చే మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో ఖమ్మం జిల్లా రెండయి, కొత్తగూడెం కేంద్రంగా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. గోదావరి, శబరి ఒడ్డున కోయల, కొండరెడ్ల ఊళ్లు ఖాళీ అవడం గురించి పత్రికలు చాలానే రాశాయి, ఇంకా రాయాల్సిందీ చాలానే ఉంది. ఆ ఊళ్లతోపాటు నీళ్ల కిందికి వెళ్లే వాగు గట్లలో ఏయే శిలీంధ్రాలుండేవో లెక్క తీయడానికి పులుల లెక్కలా కెమెరాలు సరిపోవు. నాలుగు వానాకాలాలు, మోకాళ్ల నొప్పులు లేని నలుగురు మనుషులు, ఒక సూక్ష్మదర్శిని కావాలి. మునిగాక వాటిలో దేన్నీ వెనక్కి తెచ్చి కొలవలేరు.

ఆ పనికి ఖరీదైన సామగ్రి కన్నా ముందు కావాల్సింది ఒక కాగితపు పొట్లం. అప్పడంలా ఎండిన పగడాన్ని అందులో పెట్టి, మడతపెట్టి, పైన చీటీ అతికిస్తారు. తేదీ. ఊరు, మండలం, జిల్లా. అక్షాంశం, రేఖాంశం. దుంగ ఏ చెట్టుది. తాజాగా ఉన్నప్పుడు రంగేమిటి, వాసనేమిటి. సేకరించినవారి పేరు, వరస సంఖ్య. జాతి పేరు రాసే చోట మాత్రం ఏమీ రాయరు. పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి, పొట్లాన్ని పెట్టెలో వరసలో నిలబెడతారు.